కార్గో షెడ్డులో గంటల లెక్క



ఈ కాలేజీలో మాకు పాఠం చెప్పిన మాస్టారి స్మారకోపన్యాసం అనగానే వంతెనల గురించో, మెట్రో గురించో మాట్లాడతానని నిర్వాహకులు అనుకున్నట్టున్నారు. విమానాశ్రయంలో కార్గో షెడ్డు కట్టడం గురించి మాట్లాడతానన్నాక ఫోన్లో కాసేపు చప్పుడు లేదు. వారి ఇబ్బంది నాకు అర్థమైంది. విమానాశ్రయం అంటే మనందరికీ అద్దాల టెర్మినల్, ముందు పూలమొక్కలు, లోపల బయటికన్నా పది రెట్ల ధరకు కాఫీ. అదే ప్రహరీలో ఇంకో పక్క, లారీలు బారులు తీరిన చోట, రేకుల కప్పు కింద ఏం జరుగుతుందో సివిల్ ఇంజనీర్లలోనే చాలామందికి తెలియదు.

మాస్టారికి మాత్రం ఆ పక్కే ఇష్టం. ట్రాన్స్‌పోర్టేషన్ వైవాలో ఆయనకు ఒక ప్రశ్న ఉండేది. బస్టాండు గీసుకెళ్లినా, గూడ్సు యార్డు గీసుకెళ్లినా, డ్రాయింగు మీద ఒకచోట వేలు పెట్టి, "ఇది ఇక్కడ ఎందుకాగిందయ్యా?" అనేవారు. జవాబు లేకపోతే డ్రాయింగు వెనక్కే. నేను ఈ పూట చెప్పేదంతా ఆ ఒక్క ప్రశ్నను హైదరాబాద్ విమానాశ్రయం ఉన్న శంషాబాద్ దాకా తీసుకెళ్లడమే.

సరుకును అసలు విమానం ఎందుకెక్కిస్తారు? ఓడ కిరాయికీ విమాన కిరాయికీ పోలికే లేదు. అంత కిరాయి కట్టేవాడు కొనుక్కునేది కాలాన్ని. అంతర్జాతీయ విమాన రవాణా సంఘం, ఐయాటా, చెప్పే లెక్కలో ప్రపంచ వాణిజ్యంలో విమానాల మీద పోయే సరుకు పరిమాణం ఒక శాతం కూడా ఉండదు. విలువ చూస్తే మూడోవంతుకు పైనే. అంటే తక్కువ బరువు, ఎక్కువ ఖరీదు, ఆగితే పాడైపోయే స్వభావం. ఆస్పత్రుల్లో గుండె, ఎముకల స్కానింగుకు వాడే టెక్నీషియం తయారయ్యేది మాలిబ్డినం-99 నుంచి. దాని సత్తువ 66 గంటలకు సగమైపోతుంది. షెడ్డులో ఒక పగలు మరిచిపోతే ఆ మేరకు మందు గాలిలో కలిసినట్టే. దాన్ని ఎవరూ దొంగిలించలేదు, తడవనివ్వలేదు, పగలగొట్టలేదు. ఆగింది, అంతే.

ఇది ఇవాళ్టి తెలివి కాదు. 1911 ఫిబ్రవరి 18న అలహాబాద్ నుంచి నైనీకి ఉత్తరాల సంచితో ఒక ఫ్రెంచి పైలట్ ఎగిరాడు. పది కిలోమీటర్ల ప్రయాణం, ఆరువేల పైచిలుకు ఉత్తరాలు. ప్రపంచంలో మొదటి అధికారిక విమాన తపాలా అదే. 1932లో జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి బొంబాయికి నడిపిన విమానంలోనూ ఉన్నది తపాలా సంచులే, ప్రయాణికులు కారు. మన దేశంలో పౌరవిమానయానం సరుకుతోనే కళ్లు తెరిచింది. మనుషులు తర్వాత ఎక్కారు. ఇప్పుడు టెర్మినల్ కట్టాక మిగిలిన నేలలో కార్గోకు చోటు వెతకడం చూస్తే ఆ సంగతి ఎవరికైనా గుర్తుందా అనిపిస్తుంది.

ఇంకా ముచ్చటైనది నాగపూర్ కథ. 1949లో రాత్రి విమాన తపాలా మొదలైంది. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల నుంచి నాలుగు విమానాలు బయల్దేరి అర్ధరాత్రి నాగపూర్‌లో కలుసుకునేవి. సంచులు మార్చుకుని తెల్లారేసరికి తిరిగి ఎవరి ఊరికి వాళ్లు. అమెరికాలో మెంఫిస్ కేంద్రంగా ఫెడెక్స్ కొరియర్ సంస్థ తన మొదటి రాత్రి 186 పొట్లాలు పంపింది 1973లో. దానికి పాతికేళ్లకు దగ్గరగా ముందే, అదే పద్ధతిని మన తపాలా శాఖ డకోటా విమానాలతో నడిపింది. అందులో మెలకువ విమానంలో లేదు. నాలుగు విమానాల సంచులు ఒకే గంటలో చేతులు మారే ఆ నేల ఏర్పాటులో ఉంది. కార్గో సముదాయం అంటే నా దృష్టిలో ఆ గంట. దాన్ని ఎంత కుదించగలిగితే అంత బాగా కట్టినట్టు.

ఇక శంషాబాద్. 2008 మార్చి 23, తేదీ మారగానే బేగంపేట పాత విమానాశ్రయం నుంచి వాణిజ్య విమానాలన్నీ ఇక్కడికి మారాయి. 1940ల్లో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి నడిపిన డెక్కన్ ఎయిర్‌వేస్ కాలం నుంచి బేగంపేటదే రాజ్యం. కానీ ఊరు చుట్టూ పెరిగి, లారీ మళ్లే చోటు కూడా మిగల్లేదు. శంషాబాద్‌లో దాదాపు 5,500 ఎకరాలు, 4,260 మీటర్ల రన్‌వే, పక్కనే 44వ నంబరు జాతీయ రహదారి, దాన్ని కోసుకుంటూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు. అయితే ఇవన్నీ ఉన్న ప్రతిచోటా కార్గో పెరగదు. ఇక్కడ పెరగడానికి కారణం ఊళ్లో అంతకు దాదాపు యాభై ఏళ్ల ముందు పడిన విత్తనం.

1961లో ఐడీపీఎల్ పుట్టింది, బాలానగర్‌లో దాని మందుల ఫ్యాక్టరీ వచ్చింది. అక్కడ పని నేర్చుకున్న కెమిస్టులు బయటికొచ్చి సొంత కంపెనీలు పెట్టారు. డాక్టర్ రెడ్డీస్ పెట్టిన అంజిరెడ్డి గారూ అక్కడ పనిచేసినవారే. జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు బల్క్ డ్రగ్ యూనిట్లతో నిండాయి. ఆ యూనిట్ల కాలుష్యం చెరువులను ఏం చేసిందో చెప్పకుండా ఈ కథను గర్వంగా చెప్పడం నాకు చేతకాదు, కానీ అది వేరే ఉపన్యాసం. 1997లో శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్-బి టీకా తెచ్చింది. శామీర్‌పేట అవతల జీనోమ్ వ్యాలీ వచ్చింది. జడ్చర్ల దగ్గర పోలేపల్లిలో ఫార్మా సెజ్ వచ్చింది. వీటిలో చాలావాటి లారీలు ఊళ్లోకి రాకుండా ఔటర్ ఎక్కి శంషాబాద్‌లో దిగిపోవచ్చు. దేశంలో విమానాశ్రయంలోనే ప్రత్యేకంగా ఫార్మా జోన్ కట్టిన మొదటి చోటు శంషాబాదే కావడంలో వింతేమీ లేదు. ఊరు ఏం చేస్తుందో దానికి తగిన షెడ్డు కట్టారు. బెంగళూరు వాళ్లకు గులాబీలు, మనకు మందు డ్రమ్ములు.

ఇప్పుడు ఒక డ్రమ్ము వెంట నడుద్దాం. ఫైబర్ డ్రమ్ములో పొడిమందు, లేదా అట్టపెట్టెల్లో టీకా సీసాలు. లారీ వచ్చి డాక్ దగ్గర ఆగుతుంది. మొదటి చిక్కు అక్కడే. పెద్ద కంటైనర్ బండి అడుగు నేలకు నాలుగడుగుల ఎత్తులో ఉంటుంది. దాని వెనకే ఒక టాటా ఏస్ వస్తుంది. దాని అడుగు అందులో సగం. విదేశీ డ్రాయింగుల్లో డాకులన్నీ ఒకే ఎత్తులో గీసి ఉంటాయి, ఎందుకంటే అక్కడ వచ్చే బళ్లన్నీ దాదాపు ఒకే ఎత్తు. మన దగ్గర అలా కడితే చిన్న బండి సరుకును ఇద్దరు మనుషులు పైకెత్తి అందివ్వాలి, ఇంకో ఇద్దరు పైన నిలబడి అందుకోవాలి. ఎత్తు మారే డాక్ లెవెలర్లు కొన్ని, చిన్న బళ్లకు పల్లపు డాకులు కొన్ని పెడితే తీరే సమస్య ఇది. గీసేటప్పుడు పది నిమిషాల ఆలోచన; గీయకపోతే ముప్పై ఏళ్ల హమాలీ పని.

డాక్ దాటాక కాంటా. ఇక్కడ ఇంకో సంగతి చూడాలి: విమానానికి బరువు ఒక్కటే లెక్క కాదు, చోటు కూడా లెక్కే. ఒక ఘనపు మీటరు సరుకును 167 కిలోలుగా కడతారు. అసలు బరువు, చోటు బరువు, ఏది ఎక్కువైతే దానికి కిరాయి. అందుకే కొలతల దగ్గర వాదులాట. కొలిచే యంత్రం లేని షెడ్డులో టేపు పట్టుకున్న గుమస్తాకూ, వ్యాపారి తరఫు కస్టమ్స్ ఏజెంటు, అంటే సీహెచ్‌ఏ, పంపిన మనిషికీ మధ్య ఆ వాదులాట ఒక్కోసారి లారీ దింపినంతసేపు సాగుతుంది.

తర్వాత ఎక్స్‌రే. 2010 అక్టోబరులో యెమెన్ నుంచి బయల్దేరిన రెండు ప్రింటర్ టోనర్లలో బాంబులు దొరికాయి. ఒకటి ఇంగ్లండులోని ఈస్ట్ మిడ్‌లాండ్స్‌లో, ఇంకోటి దుబాయిలో. ఆ రోజు నుంచి ప్రపంచమంతా సరుకు తనిఖీ బిగుసుకుంది. అప్పటికి కట్టేసిన షెడ్లు చాలావాటికి ఎక్స్‌రే యంత్రాల వరస పట్టే చోటే లేదు. ఎగుమతి సరుకు నడిచే దారి మధ్యలో యంత్రాలు దించి, గోడలు కొట్టి సర్దుకున్నారు. ఈ పాఠం ఏమంటే, రేపు ఏ నియమం వస్తుందో తెలియదు కాబట్టి తనిఖీ చోటులో కొంత నేల ఖాళీగా వదలాలి. ఖాళీ నేల చూస్తే మన ఆడిటర్లకు ఊపిరాడదు. వారిని ఒప్పించడం కూడా ఇంజనీరు పనే.

కస్టమ్స్ వాళ్లు ఎగుమతికి అనుమతి, అంటే లెట్ ఎక్స్‌పోర్ట్ ఆర్డర్, ఇచ్చాక సరుకు బిల్డప్‌కు వెళ్తుంది. 318 సెంటీమీటర్ల పొడవు, 244 వెడల్పు ఉన్న అల్యూమినియం పాలెట్. దాని మీద పెట్టెలు పేర్చి, ప్లాస్టిక్ కప్పి, వల బిగిస్తారు. ప్రయాణికుల విమానం పొట్టలోకి వెళ్లేదైతే ఎత్తు 160 సెంటీమీటర్లు దాటకూడదు. విమానమెక్కే మన మందుల్లో చాలావరకూ వెళ్లేది ఇలాగే, మీ పిల్లలు అమెరికా వెళ్లే విమానాల్లోనే, వాళ్ల కాళ్ల కింద. పేర్చేవాడి చేతిలో విద్య ఉంది. మూలలు ఎలా కట్టాలి, బరువు ఎటు పడాలి, ఏ పెట్టె మీద ఏది పెట్టకూడదు, అన్నీ కంటితో చూసి తేల్చే మనుషులు శంషాబాద్ షెడ్డులో ఉన్నారు. వారి పని తప్పితే విమానం దగ్గర లోడ్‌మాస్టరు ఆ పాలెట్ వెనక్కి పంపేస్తాడు. దాన్నే ఆఫ్‌లోడ్ అంటారు. కార్గో మనుషులు కలలో కూడా వినగోరని మాట అది.

ఇక్కడి నుంచి విమానం దాకా ఉండేది కొన్ని వందల మీటర్లు, మహా అయితే కిలోమీటరు పైన. మందుల ప్రయాణం మొత్తంలో అత్యంత ప్రమాదకరమైన ముక్క అదే. ఫ్యాక్టరీలో చల్లదనం ఉంది, రీఫర్ లారీలో ఉంది, షెడ్డులో రెండు నుంచి ఎనిమిది డిగ్రీల గది ఉంది, విమానంలో ఏర్పాటు ఉంది. విమానాలు నిలిచే ర్యాంపు మీద మాత్రం మే నెల ఎండ ఉంది. గాలి 42 డిగ్రీలంటే కాంక్రీటు దగ్గర ఇంకా ఎక్కువ. విమానం ఆలస్యమై, పాలెట్ డాలీ మీద నిలబడిపోతే, పెట్టెలో పెట్టిన చిన్న డేటా లాగర్ నిమిషనిమిషం వేడిని రాసుకుంటూ పోతుంది. జర్మనీలోనో, బ్రెజిల్‌లోనో దిగాక కొనుగోలుదారు ముందుగా చూసేది ఆ లాగర్నే. గీత ఎనిమిది దాటి పైకెళ్లి ఉంటే, సరుకంతా పనికిరాదన్నా అడిగే దిక్కుండదు. అందుకే చల్లని పెట్టెలాంటి కూల్ డాలీలు, వేడి తగలకుండా కప్పే దుప్పట్లు. అన్నిటికన్నా చవకైన మందు మాత్రం షెడ్డును విమానాలు నిలిచే చోటుకు దగ్గరగా కట్టడం. ఆ నిర్ణయం మాస్టర్ ప్లాన్ మొదటి కాగితం మీదే జరగాలి. తర్వాత డబ్బు ఎంత పోసినా షెడ్డు జరగదు.

2021 జూన్ 1 తెల్లవారుజామున రష్యా నుంచి ఒక ప్రత్యేక సరుకు విమానం శంషాబాద్‌లో దిగింది. 56.6 టన్నుల స్పుత్నిక్-వి టీకా, మైనస్ 20 డిగ్రీల్లో ఉంచాల్సింది. అప్పటిదాకా దేశంలోకి వచ్చిన కోవిడ్ టీకా దిగుమతుల్లో అదే పెద్దది. గంటన్నరలోపే ఆ సరుకు లాంఛనాలన్నీ పూర్తి చేసి పంపించేశారు. ఆ గంటన్నర వెనక ఉన్నది పదేళ్లుగా మందులను రోజూ చూసిన చేతులు, ముందుగానే కాగితాలు చూసుకున్న కస్టమ్స్ వాళ్లు, ఇంజన్ ఆపకుండా నిలబడ్డ రీఫర్ బళ్లు. 2016 మేలో అంతోనోవ్ ఏఎన్-225, ప్రపంచంలోకెల్లా పెద్ద సరుకు విమానం, ఆస్ట్రేలియాలోని పెర్త్‌కు జెనరేటర్ మోసుకెళ్తూ మన దగ్గర ఆగితే పత్రికలన్నీ ఫోటోలు వేశాయి. అందమైన విమానం, యుద్ధంలో కాలిపోయింది పాపం. కానీ అది ఇంధనం పోసుకుని వెళ్లిన అతిథి. స్పుత్నిక్ రాత్రి పనిచేసింది మన ఇల్లు.

అంత పని జరిగే చోటును మనం దేనితో కొలుస్తున్నాం? టన్నులతో. శంషాబాద్ ఏడాదికి లక్షన్నర టన్నులకు పైగా సరుకు చూస్తోంది. ప్రకటనల్లో ఆ అంకె ఉంటుంది, పక్కన చదరపు మీటర్లు, కోట్ల రూపాయలు ఉంటాయి. ఈ అంకెల్లో మాస్టారి ప్రశ్నకు జవాబు లేదు.

చిన్న లెక్క వేద్దాం, విద్యార్థులు ఇక్కడ ఉన్నారు కదా. ఏడాదికి లక్షన్నర టన్నులంటే రోజుకు సుమారు 400 టన్నులు. ప్రతి పెట్టె షెడ్డులో సగటున ఒక రోజు ఉంటే, ఏ క్షణం చూసినా లోపల 400 టన్నులు ఉంటాయి. మూడు రోజులుంటే 1,200 టన్నులు. సరుకు పెరగలేదు, షెడ్డు మాత్రం మూడింతలు కావాలి. దీన్ని తిరగేసి చూడండి: ఉండే కాలాన్ని సగానికి తగ్గిస్తే, ఒక్క ఇటుక పెట్టకుండా ఇంకో షెడ్డు కట్టినట్టే. నేల, ఇనుము, సిమెంటు ఏదీ అక్కర్లేని షెడ్డు అది. దానికి టెండరూ ఉండదు, శంకుస్థాపనా ఉండదు. మన నాయకులకు అది పట్టకపోవడానికి కారణం కూడా అదేనేమో.

సగటు కూడా మోసం చేస్తుంది. హైదరాబాద్ నుంచి గల్ఫ్‌కూ, యూరప్‌కూ వెళ్లే విమానాల్లో ఎక్కువ అర్ధరాత్రికీ తెల్లవారుకూ మధ్య లేస్తాయి. కాబట్టి ఎగుమతి లారీలన్నీ సాయంత్రం నుంచి మీద పడతాయి. మధ్యాహ్నం షెడ్డు చూసి చాలా ఖాళీ ఉందనుకున్నవాడు రాత్రి తొమ్మిదింటికి డాక్ ముందు బారు చూడాలి. డాకులు, ఎక్స్‌రేలు, బిల్డప్ బల్లలు, అన్నిటినీ లెక్కకట్టాల్సింది ఆ రద్దీ గంటకు. ఇంకో మాట. ఆ బారులో నిలబడ్డ డ్రైవరు అప్పటికి ఎన్నో గంటలుగా బండి నడుపుతున్నవాడు. స్నానానికి నీళ్లు, నడుం వాల్చడానికి మంచం, వేడి అన్నం దొరికే చోటు కార్గో సముదాయంలో భాగమే. చాలా డ్రాయింగుల్లో దీనికి చూపించేది ఒక మూల మరుగుదొడ్డి.

దిగుమతి వైపు కథ వేరు. అక్కడ సరుకు ఆగడంలో కొందరికి లాభం ఉంది. షెడ్డులో ఉచితంగా ఉంచుకునే గడువు దాటితే డెమరేజ్, అంటే ఆలస్యపు రుసుము, మొదలవుతుంది. అది టెర్మినల్ నడిపేవారికి ఆదాయం. అంటే, సరుకు తొందరగా పోతే టెర్మినల్‌కు పేరు, ఆలస్యమైతే డబ్బు. ఇలాంటి ఒప్పందం రాసుకుని, వేగం రాలేదేమని అడగడం అమాయకత్వం. 2016 పౌరవిమానయాన విధానం ఆ ఉచిత గడువును 72 గంటల నుంచి 48కి తగ్గించమంది. ఆలస్యం చేసే దిగుమతిదారును అది కొంత కదిలించింది, నిజమే. కొందరు వ్యాపారులు షెడ్డునే తమ గోదాంలా వాడుకునేవారు, వారిని నేను వెనకేసుకురాను. కానీ నడిపేవారి ఆదాయంలో ఎంత భాగం ఆలస్యం నుంచి వస్తుందో బయటపెట్టనంత కాలం ఈ సగం చికిత్సే మిగులుతుంది.

కస్టమ్స్ శాఖను మాత్రం ఈ విషయంలో మెచ్చుకోవాలి. జాతీయ వాణిజ్య సౌలభ్య ప్రణాళికలో విమాన సరుకుకు లక్ష్యం గంటల్లోనే రాసుకున్నారు: దిగుమతి 24, ఎగుమతి 12. ఎంత సమయం పడుతోందో కొలిచే అధ్యయనాలూ చేస్తున్నారు. దిగుమతి పత్రం, అంటే బిల్ ఆఫ్ ఎంట్రీ, విమానం దిగకముందే వేసుకోవచ్చు, సుంకం ఆన్‌లైన్‌లో కట్టవచ్చు. ఒకప్పుడు సీహెచ్‌ఏ కుర్రాడు ఫైలు చంకన పెట్టుకుని ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు తిరిగేవాడు. ఇప్పుడు మిగిలిన ఆలస్యం చాలావరకు కస్టమ్స్ బయటిది: ఔషధ నియంత్రణ, మొక్కల క్వారంటైన్, ఆహార భద్రత. వారి ఆఫీసు ఇంకో చోట, వారి ల్యాబు ఇంకో ఊళ్లో, వారికి ఆదివారం సెలవు. విమానాలకు ఆదివారం లేదు. అందరినీ ఒకే కప్పు కింద కూచోబెట్టే గదులు మొదటి అంతస్తులో కట్టాలి. కట్టాక వారిని నిజంగా తెచ్చి కూచోబెట్టాలి; రెండోది మొదటిదానికన్నా కష్టం.

యంత్రాలు పెడితే ఇవన్నీ తీరిపోతాయని నమ్మేవారికి హాంగ్‌కాంగ్ కథ చెప్తాను. 1998 జూలై 6న అక్కడ కైటాక్ పాత విమానాశ్రయం మూసి, చెక్ లప్ కోక్ కొత్తది తెరిచారు. అందులో సూపర్ టెర్మినల్-1 అని హాక్టల్ కంపెనీ కట్టిన కార్గో భవనం. దాదాపు వంద కోట్ల డాలర్లు, ఏడాదికి 26 లక్షల టన్నుల సామర్థ్యం, కంటైనర్లను తమంతట తామే ఎత్తి అరల్లో పెట్టే యంత్రాలు, వాటిని నడిపే కంప్యూటర్లు. ప్రపంచంలో అలాంటిది ఇంకోటి లేదు. తెరిచిన రోజే కంప్యూటరుకు ఏ పెట్టె ఎక్కడుందో తెలియకుండా పోయింది. సరుకు లోపలే ఉంది, కానీ దొరకదు. మర్నాటికి సరుకు తీసుకోవడం ఆపేశారు. మూసేసిన కైటాక్ షెడ్డును తిరిగి తెరిచి, అక్కడ చేతులతో పని మొదలుపెట్టారు. మామూలు స్థితికి రావడానికి ఆగస్టు చివరి దాకా పట్టింది.

తర్వాత వేసిన విచారణ కమిషన్ ముందు తేలినవన్నీ మనకు బాగా తెలిసిన సంగతులే. నిర్మాణం ఆలస్యమైంది, ప్రారంభ తేదీ మారలేదు. దాంతో పరీక్షకు, శిక్షణకు ఉన్న రోజులు తరిగాయి. వ్యవస్థలోని ముక్కలను విడివిడిగా చూశారు, మొత్తంగా పూర్తి బరువుతో నడిపి చూడలేదు. యంత్రం మొరాయిస్తే చేత్తో నడపడం సిబ్బందికి సరిగ్గా అలవాటు కాలేదు. కట్టుబడి దుమ్ము సెన్సర్ల మీద కూడా పడింది. వంద కోట్ల డాలర్ల బుర్రను తికమకపెట్టినవాటిలో సిమెంటు దుమ్మూ ఉంది! అదే టెర్మినల్ ఇప్పుడు ప్రపంచంలో మేటి. ఆ విమానాశ్రయం ఏటా నలభై లక్షల టన్నులకు పైగా సరుకు చూస్తోంది. కట్టడంలో తప్పు లేదు. తేదీకి లొంగిపోవడంలో ఉంది.

మన దగ్గర ప్రారంభోత్సవ తేదీలు ఎలా ఖాయమవుతాయో ఈ సభలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. నా సలహా ఒక్కటే: ప్రారంభోత్సవం జరగనివ్వండి, రిబ్బను కత్తిరించనివ్వండి, పాత షెడ్డు తాళాలు మాత్రం ఆరు నెలల పాటు ఇవ్వకండి.

ఇక సముద్రం వైపు వస్తాను. విశాఖ దగ్గరి భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరిట 2,200 ఎకరాల్లో కొత్త విమానాశ్రయం తలపెట్టారు. 2023 మేలో శంకుస్థాపన జరిగింది. అక్కడా కార్గో గురించి పెద్ద మాటలు వినపడుతున్నాయి. నాకు సంతోషమే, కానీ ఆ ప్రాంతం ఏ సరుకు పంపుతుందో, ఏ సరుకు రప్పిస్తుందో ముందు రాసుకోవాలి. రొయ్యలే కదా అంటారు. ఎగుమతి రొయ్య గడ్డకట్టి, రీఫర్ కంటైనర్లో, ఓడలో పోతుంది. దానికి విమానం అక్కర్లేదు. విమానం కావాల్సింది తల్లి రొయ్యకు. 2009లో వనామీ రకం రొయ్యకు అనుమతి వచ్చినప్పటి నుంచి, విదేశాల్లో పెంచిన రోగరహిత తల్లి రొయ్యలు ఆక్సిజన్ నింపిన నీటి సంచుల్లో, థర్మాకోల్ పెట్టెల్లో విమానమెక్కి వస్తున్నాయి. దిగేది చెన్నైలో, ఎందుకంటే ఆక్వాటిక్ క్వారంటైన్ కేంద్రం అక్కడుంది. క్వారంటైన్ దాటాక లారీలెక్కి మన తీరం హేచరీలకు చేరతాయి. భీమవరం చెరువులో పెరిగే రొయ్య పిల్లకు తాతముత్తాతలు చెన్నై కార్గో షెడ్డు మీదుగా వచ్చినవాళ్లే. దేశంలో రొయ్యలు ఎక్కువగా పండించే రాష్ట్రం ఆంధ్రప్రదేశ్, వాటి మూలం దిగే గుమ్మం పక్క రాష్ట్రంలో ఉంది. భోగాపురంలో కార్గో షెడ్డుతోపాటు ఒక క్వారంటైన్ కేంద్రం అడగడం, పదివేల చదరపు మీటర్ల ఖాళీ గోదాం అడగడం కన్నా విలువైన పని.

మందుల సంగతీ చూడాలి. పరవాడ ఫార్మా సిటీ విశాఖకు ఒక వైపు, భోగాపురం ఇంకో వైపు. మధ్యలో ఊరు. ఆ లారీ ఊరు దాటకుండా చేరే దారి లేకపోతే పరవాడ సరుకు విశాఖను వదిలి హైదరాబాద్ పోవడం మానదు. కార్గో షెడ్డు గోడ దగ్గర మొదలవుతుందనుకోవడం తప్పు. ఫ్యాక్టరీ గేటు దగ్గర మొదలవుతుంది.

బంగినపల్లి మామిడి గురించి ఏమీ చెప్పలేదేమని తర్వాత అడుగుతారు కాబట్టి రెండు మాటలు. 2007లో అమెరికా మన మామిడికి తలుపు తెరిచింది, పండును రేడియేషన్‌తో శుద్ధి చేస్తేనే అన్న షరతు మీద. పండు ఖరీదు కన్నా దాని మీద పడే శుద్ధి, కిరాయి ఖర్చులు ఎక్కువ. డల్లాస్‌లో మనవాళ్లు ఒక పెట్టెకు పెట్టే డబ్బుతో ఇక్కడ తోటలోనే కూచుని తినొచ్చు. ఆ ప్రేమకు నా నమస్కారం, కానీ దాని మీద లెక్కకట్టి షెడ్డు కట్టకండి. రెండు నెలల పంట అది.

ఇక్కడున్న యువ ఇంజనీర్లకూ, రెండు రాష్ట్రాల్లో ఈ పనులు చూసే అధికారులకూ నా విన్నపం ఇది. శంషాబాద్‌లోగానీ, భోగాపురంలోగానీ, ప్రతి కార్గో షెడ్డు గుమ్మంలో టన్నుల బోర్డు పక్కన ఇంకో బోర్డు పెట్టించండి. నిన్న దిగిన సరుకు సగటున ఎన్ని గంటలకు బయటికి పోయింది, నిన్న వచ్చిన ఎగుమతి సరుకు ఎన్ని గంటలకు విమానమెక్కింది, నిన్న డాక్ ముందు లారీ ఎంతసేపు నిలబడింది. మూడే అంకెలు, రోజూ మార్చాలి, అందరికీ కనపడాలి. ఆ లెక్కలు కంప్యూటర్లలో ఇప్పటికే ఉన్నాయి. బోర్డు మీద రాయడానికి ఒక మనిషి, ఒక సుద్దముక్క చాలు.